హీబ్రూ లేఖనాల్లో ఇతిహాస స్వరూపం: సమూయేలు గ్రంథాల పరిశీలన

వ్యాససంగ్రహం:

హీబ్రూ లేఖనాలను మతగ్రంథంగా చదవడం లోకరూఢి. వాటిలోని కథనభాగాలను ఇతిహాస సాహిత్యంగా చదవవచ్చునా అనే చర్చ పాశ్చాత్య విమర్శలో చాలాకాలంగా సాగుతున్నది. ఛందోబద్ధమైన దీర్ఘకావ్యమే ఇతిహాసమనే గ్రీకు ప్రమాణం ఆ చర్చకు ప్రధానమైన అడ్డంకి అయింది. గద్యాన్ని కావ్యంగా అంగీకరించిన భారతీయ అలంకారశాస్త్ర దృష్టితోను, చంపూరూపంలో ఇతిహాసాన్ని స్వీకరించిన తెలుగు సాహిత్యానుభవంతోను ఈ సమస్యను పునఃపరిశీలించడం ఈ వ్యాస ప్రధానోద్దేశం. ఇందుకు సమూయేలు గ్రంథాల్లోని సౌలు, దావీదుల కథను లక్ష్యంగా తీసుకోవడం జరిగింది.

కీలకపదాలు: హీబ్రూ లేఖనాలు, ఇతిహాసం, సమూయేలు గ్రంథాలు, సౌలు, దావీదు, సమాంతరత, మౌఖిక సంప్రదాయం, రిస్పా.

1. ఉపోద్ఘాతం

తెలుగు బైబిలులోని మొదటి ఐదు గ్రంథాల పేర్లు ఆదికాండము, నిర్గమకాండము, లేవీయకాండము, సంఖ్యాకాండము, ద్వితీయోపదేశకాండము. హీబ్రూ భాషలో వీటి పేర్లలో 'కాండం' అనే అర్థమిచ్చే పదమేదీ లేదు. అక్కడ ప్రారంభవాక్యంలోని పదాలను బట్టి బెరేషిత్, షెమోత్, వయిక్రా, బెమిద్బార్, దెవారీమ్ అని వ్యవహరిస్తారు. తెలుగువారికి 'కాండ' అనగానే బాలకాండ, అయోధ్యాకాండ స్ఫురిస్తాయి. అదే పదం తైత్తిరీయ సంహిత విభాగాలకు కూడా ఉంది. అంటే ఒకే మాట మన భాషలో ఇటు కావ్యానికీ అటు వేదానికీ చెల్లుతున్నది. అనువాదకుల ఉద్దేశం ఏదైనప్పటికీ, తెలుగు పాఠకుడు హీబ్రూ లేఖనాల్లోకి అడుగుపెట్టే గుమ్మం మీదనే ఈ రెండు స్ఫురణలూ ఉన్నాయి.

తులనాత్మక సాహిత్యాన్ని బోధించేటప్పుడు ఈ గ్రంథాల ప్రస్తావన వస్తే తరగతిలో రెండు రకాల మౌనం ఎదురవుతుంది. విశ్వాసులైన విద్యార్థులు తమ లేఖనాన్ని 'కథ' అంటారేమోనని సంకోచిస్తారు. తక్కినవారు అది తమకు సంబంధించిన పుస్తకం కాదని ఊరకుంటారు. ఫలితంగా ప్రపంచ సాహిత్యంలోని గొప్ప కథనాల్లో ఒకటి ఇద్దరికీ అందకుండా పోతున్నది. ఈ రెండు మౌనాలకు సమాధానం వెతికే ప్రయత్నమే ఈ వ్యాసం.

యూదు సంప్రదాయంలో హీబ్రూ లేఖనాలు 24 గ్రంథాలు. అవి తోరా, నెబియీమ్, కెతూబీమ్ అని మూడు భాగాలు. వీటిలో రెండవ భాగానికి చెందినది సమూయేలు గ్రంథం. హీబ్రూలో ఇది ఒకే గ్రంథం. గ్రీకు అనువాదమైన సెప్టువజింట్‌లో రెండు భాగాలైంది. తెలుగు బైబిలు కూడా ఆ విభజననే అనుసరించింది. ఇశ్రాయేలు గోత్రాలు రాజ్యంగా మారిన కాలపు కథ ఇందులో ఉంది. తొలి రాజు సౌలు పతనం, దావీదు ఉత్థానం, ఆ దావీదు ఇంట రేగిన కలహం దీని ఇతివృత్తం.

2. పరిభాష: 'ఎపిక్' - 'ఇతిహాసం'

పాశ్చాత్య విమర్శలో 'ఎపిక్' అనే మాటకు కొలబద్ద హోమర్ కావ్యాలు. ఒకే ఛందస్సులో సాగే దీర్ఘ కథనం, వీరనాయకుడు, దేవతల ప్రమేయం అనేవి దాని ముఖ్య లక్షణాలు. ఈ కొలతతో చూస్తే హీబ్రూ కథనాలు నిలవవు. ఎందుకంటే అవి ప్రధానంగా గద్యం.

ఈ విషయంలో ఇరవయ్యవ శతాబ్దపు పండితులు భిన్నాభిప్రాయాలు వెలిబుచ్చారు. ప్రస్తుత గద్యకథనాల వెనుక పూర్వం ఇశ్రాయేలీయుల పద్య ఇతిహాసాలు ఉండి ఉంటాయని ఉంబర్టో కాసుటో భావించాడు. ఫ్రాంక్ మూర్ క్రాస్ 1973లో వెలువడిన తన గ్రంథంలో కనాను పురాణసంప్రదాయం నుంచి హీబ్రూ ఇతిహాసం రూపొందిన తీరును చర్చించాడు. షెమర్యాహు తల్మోన్ దీనిని అంగీకరించలేదు. పద్య ఇతిహాసం అన్యదేవతల ఆరాధనతో ముడిపడి ఉన్నందువల్ల హీబ్రూ రచయితలు ఆ ప్రక్రియను ఉద్దేశపూర్వకంగానే వదలి గద్యాన్ని చేపట్టారని ఆయన వాదం.

ఈ వాదాలన్నింటికీ ఉమ్మడి పునాది ఒకటుంది. ఇతిహాసమంటే పద్యమే అయి ఉండాలన్న అభిప్రాయమది. భారతీయ సాహిత్యశాస్త్రం ఈ నియమాన్ని పెట్టుకోలేదు. దండి తన కావ్యాదర్శంలో కావ్యాన్ని గద్యం, పద్యం, మిశ్రం అని మూడు విధాలుగా విభజించాడు. తెలుగులో తొలి ఇతిహాస కావ్యమైన ఆంధ్రమహాభారతం గద్యపద్యాత్మకమైన చంపూరచన. కనుక గద్యమన్న ఒక్క కారణంతో ఒక కథనాన్ని ఇతిహాస పరిధి నుంచి తొలగించవలసిన అవసరం మనకు లేదు.

'ఇతిహాసం' అనే పదానికి 'ఇతి-హ-ఆస', అంటే 'ఇలా జరిగిందట' అని వ్యుత్పత్తి. ఇందులో ఛందస్సు ప్రసక్తి లేదు. జరిగినదన్న నమ్మకం ఉంది, చెప్పుకుంటున్నారన్న స్పృహ ఉంది. ఒక జాతి తన గతాన్ని ధర్మాధర్మ విచారణతో కలిపి చెప్పుకునే కథనం అనే విశాలార్థంలోనే ఈ వ్యాసంలో 'ఇతిహాసం' అనే పదాన్ని ప్రయోగించడం జరిగింది.

3. గద్యం వెనుక గానం

హీబ్రూ కథనాలు తమకంటే పాత రచనలను పేర్లతో ప్రస్తావిస్తాయి. సంఖ్యాకాండం 21వ అధ్యాయంలో యెహోవా యుద్ధముల గ్రంథం పేరు వస్తుంది. యెహోషువ 10వ అధ్యాయంలోనూ, రెండవ సమూయేలు 1వ అధ్యాయంలోనూ యాషారు గ్రంథం పేరు కనిపిస్తుంది. ఈ రెండు గ్రంథాలూ నేడు లభ్యం కావు. ఉదాహరించిన భాగాలు మాత్రం పద్యాలే. కాబట్టి వీరగానాల సంకలనాలు ఒకప్పుడు ఉండేవనడానికి లేఖనాల్లోనే ఆధారముంది.

న్యాయాధిపతులు 4, 5 అధ్యాయాలు ఈ విషయంలో అపూర్వమైన సాక్ష్యం. ఒకే యుద్ధాన్ని 4వ అధ్యాయం గద్యంలో చెబుతుంది. 5వ అధ్యాయం దెబోరా గీతంగా పాడుతుంది. ఈ గీతం హీబ్రూ భాషలోని అతి ప్రాచీన రచనల్లో ఒకటని పలువురు పండితుల అభిప్రాయం. గద్యకథలో యుద్ధానికి కదిలినవి జెబూలూను, నఫ్తాలి గోత్రాలు రెండే. గీతంలో వచ్చిన గోత్రాల ప్రశంస, రాని గోత్రాల నింద కలసి పెద్ద జాబితాగా ఏర్పడుతాయి. ఉద్యోగపర్వంలో ఎవరు ఏ పక్షాన నిలిచారో లెక్క చెప్పే ఘట్టం భారతపాఠకుడికి ఇక్కడ గుర్తుకు రాక మానదు. గీతం చివరి దృశ్యం మరీ విశిష్టమైనది. శత్రుసేనాపతి సీసెరా ఒక స్త్రీ చేతిలో హతుడయ్యాడు. ఆ సంగతి తెలియని అతని తల్లి కిటికీ దగ్గర నిలిచి కొడుకు రథం ఇంకా రాలేదేమని ఎదురుచూస్తుంది. ఇది విజేతల పాట. వెక్కిరింపు స్వరం కూడా అందులో ఉంది. అయినా శత్రువుకూ తల్లి ఉందన్న ఎరుకను అది దాచలేకపోయింది.

ఈ పద్యాల నిర్మాణసూత్రం సమాంతరత. ఒక పాదంలో చెప్పిన భావాన్ని తరువాతి పాదం మరో మాటతో తిరిగి చెప్పడమో, పెంచడమో, ఎదురుగా నిలపడమో చేస్తుంది. రాబర్ట్ లౌత్ 1753లో లాటిన్‌లో ప్రచురించిన ఆక్స్‌ఫర్డ్ ఉపన్యాసాల్లో ఈ లక్షణాన్ని శాస్త్రీయంగా వివరించాడు. 1929లో సిరియా తీరంలోని రాస్ షమ్రాలో తవ్వకాలు మొదలై ప్రాచీన ఉగారిత్ నగరం బయటపడింది. అక్కడి మట్టిపలకల మీద బాలు, కిర్తా, అఖత్ కథాకావ్యాలు లభించాయి. వాటిలోనూ ఇదే సమాంతరత, అవే జంటపదాలు కనిపించడంతో హీబ్రూ కవిత్వం ఒంటరిగా పుట్టినది కాదనీ, పశ్చిమాసియా గానసంప్రదాయంలో భాగమనీ స్పష్టమైంది.

4. సమూయేలు గ్రంథాల్లో ఇతిహాస నిర్మాణం

4.1 గద్యం నడుమ గీతాలు: సమూయేలు గ్రంథం గద్యంలో నడుస్తూ కీలకస్థానాల్లో గీతంగా మారుతుంది. ప్రారంభంలో సంతానం కోసం తపించి కొడుకును కన్న హన్నా పాడిన గీతం, మధ్యలో సౌలు, యోనాతానుల మృతికి దావీదు చేసిన విలాపం, చివర దావీదు కృతజ్ఞతాగీతం ఉన్నాయి. ఒక తల్లి పాటతో మొదలై ఒక రాజు పాటతో ముగింపుకు చేరే ఈ అమరిక యాదృచ్ఛికం కాదు. దీనిని చంపువు అనడం సాహసమే అవుతుంది. కానీ భావోద్వేగం ఉన్నతశిఖరానికి చేరినచోట వచనాన్ని ఆపి పద్యాన్ని ఎత్తుకోవడం తెలుగు పాఠకుడికి కొత్త కాదు.

4.2 వీరుని ప్రవేశం: దావీదు కథలోకి ఒకసారి కాదు, మూడుసార్లు ప్రవేశిస్తాడు. మొదట బేత్లెహేములో అభిషిక్తుడయ్యే గొర్రెలకాపరిగా, తరువాత రాజు మనోవ్యథను తీర్చే సితారా వాద్యకారుడిగా, ఆపైన గొల్యాతును ఎదిరించే యువకుడిగా కనిపిస్తాడు. 16వ అధ్యాయంలో తన కొలువులో చేర్చుకున్న దావీదును 17వ అధ్యాయం చివర సౌలు ఎవరి కుమారుడని విచారించడం విరుద్ధంగా తోస్తుంది. సెప్టువజింట్ ప్రాచీన ప్రతిలో ఈ విచారణతో సహా గొల్యాతు కథలో చాలాభాగం లేదు. గొల్యాతు ఎత్తు సంప్రదాయ హీబ్రూ పాఠంలో ఆరు మూరల జేనెడు. సెప్టువజింట్‌లోను, మృతసముద్ర ప్రాంతంలో దొరికిన సమూయేలు ప్రతిలోను నాలుగు మూరల జేనెడు.

అంతకంటే ఆసక్తికరమైన విషయం మరొకటుంది. గొల్యాతును చంపినవాడు బేత్లెహేమువాడైన ఎల్హానాను అని రెండవ సమూయేలు 21వ అధ్యాయం హీబ్రూ పాఠం చెబుతుంది. తరువాతి కాలపు దినవృత్తాంతముల గ్రంథం ఎల్హానాను చంపినది గొల్యాతు సహోదరుణ్ణని చెప్పి ఈ వైరుధ్యాన్ని పరిహరించింది. ఒక యోధుని పరాక్రమం మరింత ప్రసిద్ధుడైన నాయకుని కథలో చేరిపోవడం మౌఖిక వీరగాథల్లో తరచు జరిగేదే. పల్నాటి వీరగాథను శ్రీనాథుని ద్విపదకావ్యంగా చదువుకోవడమూ, వీరవిద్యావంతుల నోట వినడమూ ఎరిగిన మనకు ఒకే కథ పలు పాఠాలుగా నిలవడం వింత కాదు. ఈ పాఠాలను తుడిచివేయకుండా పక్కపక్కనే ఉంచిన సంకలనకర్తల నిజాయితీ ఇక్కడ గమనార్హం.

4.3 పాట తెచ్చిన పగ: గొల్యాతు మరణానంతరం స్త్రీలు వాద్యాలతో ఎదురేగి పాడిన పాట సౌలుకు వేలమందిని, దావీదుకు పదివేలమందిని హతులుగా లెక్కకట్టింది (1 సమూయేలు 18). వెయ్యి పక్కన పదివేలు చెప్పడం సమాంతరతలో వాడుకగా ఉన్న జంట. సంఖ్య పెరుగుతుందే గాని రెండు పాదాలు పోటీపడనక్కరలేదు. పాడిన స్త్రీలు ఇద్దరినీ కలిపి కీర్తించి ఉండవచ్చు. సౌలు మాత్రం దానిని లెక్కగా విన్నాడు. ఆనాటి నుంచి దావీదు మీద కన్ను వేశాడు. ఒక కవిసమయాన్ని కథకు కారణబీజంగా మలచిన ఈ ఘట్టం హీబ్రూ కథకుని సాహిత్యస్పృహకు నిదర్శనం.

4.4 సౌలు పతనం, యాబేషు ఋణం: తప్పిపోయిన తండ్రి గాడిదలను వెతకబోయి రాజ్యం పొందినవాడు సౌలు. అమ్మోనీయుల బారి నుంచి యాబేష్గిలాదు పట్టణాన్ని కాపాడడం అతని తొలి వీరకృత్యం. అటువంటివాడు ప్రవక్త చేత తిరస్కృతుడై, అసూయకు లోనై, చివరకు తానే నిషేధించిన సోదెను ఆశ్రయిస్తాడు. ఏన్దోరులోని ఆ స్త్రీ మరణం నిశ్చయమైన రాజుకు దూడను కోసి, రొట్టెలు కాల్చి పెడుతుంది. మరునాటి యుద్ధంలో గిల్బోవ కొండ మీద అతడు తన కత్తి మీద తానే పడి మరణిస్తాడు. శత్రువులు అతని శవాన్ని బేత్షాను గోడకు తగిలిస్తారు. అప్పుడు యాబేష్గిలాదు వీరులు రాత్రంతా నడచి వచ్చి ఆ శవాన్ని దింపి తీసుకుపోయి ఎముకలను పాతిపెడతారు. ఇరవై అధ్యాయాల క్రితం పొందిన మేలును ఆ ఊరు మరచిపోలేదు. కథకుడు ఈ రెండు ఘట్టాలకూ సంబంధాన్ని ఎక్కడా వాచ్యం చేయలేదు. ఆ పని పాఠకునికే వదలిపెట్టాడు.

5. చెప్పనిదాని బలం

నాజీ పాలనలో ఉద్యోగం కోల్పోయి ఇస్తాంబుల్ చేరిన యూదు పండితుడు ఎరిక్ ఆయర్‌బాఖ్ అక్కడే 'మిమేసిస్' గ్రంథాన్ని రచించాడు. అది 1946లో వెలువడింది. తొలి అధ్యాయంలోనే ఆయన హోమర్ కథనాన్ని, అబ్రాహాము తన కుమారుని బలి ఇవ్వబోయిన ఆదికాండ కథతో పోల్చాడు. హోమర్ కథనంలో సర్వం వెలుగులో ఉంటుంది. హీబ్రూ కథనంలో అత్యవసరమైనదే చెప్పబడి, మిగిలినది నేపథ్యంలో ఉండి పాఠకుణ్ణి వెంటాడుతుందని ఆయన ప్రతిపాదన సారం. రాబర్ట్ ఆల్టర్ 1981 నాటి గ్రంథంలో ఈ కథనకళను సంభాషణ, పునరుక్తి, మౌనం అనే అంశాల ద్వారా మరింత విపులంగా వివేచించాడు.

రెండవ సమూయేలు 11వ అధ్యాయం దీనికి మంచి ఉదాహరణ. రాజులు యుద్ధానికి వెళ్ళే కాలంలో దావీదు యెరూషలేములో ఉండిపోతాడు. ఊరియా భార్య బత్షెబను కోరి పిలిపించుకుంటాడు. ఆమె గర్భవతి అని తెలిసి ఊరియాను యుద్ధభూమి నుంచి రప్పించి ఇంటికి వెళ్ళమంటాడు. తోటి సైనికులు బయలులో పడి ఉండగా తాను ఇంటికి పోనని ఊరియా నిరాకరిస్తాడు. చివరకు అతని మరణశాసనాన్ని లేఖగా వ్రాసి అతని చేతికే ఇచ్చి పంపుతాడు రాజు. ఇలియడ్‌లోని బెల్లెరోఫోన్ కూడా తన చావును కోరే పలకను తానే మోసుకుపోతాడు. అతడు వీరకృత్యాలతో బయటపడతాడు. ఊరియా బయటపడడు. తన భార్య సంగతి ఊరియాకు తెలుసా, తెలియదా? కథకుడు చెప్పడు. రెండు విధాలా చదవగలగడమే ఈ ఘట్టానికి బలం.

అనంతరం నాతాను ప్రవక్త రాజు ఎదుట నిలిచి, ధనికుడొకడు పేదవాని ఒక్కగానొక్క గొర్రెపిల్లను లాగుకున్న కథ చెబుతాడు. రాజు కోపించి ఆ ధనికునికి శిక్ష విధిస్తాడు. ఆ ధనికుడు రాజేనని ప్రవక్త తేల్చిచెబుతాడు. వీరుని పరాక్రమాన్ని కీర్తించడం వీరగాథల స్వభావం. ఇక్కడ వంశస్థాపకుడైన రాజునే ఆ వంశపు కథ బోనులో నిలబెట్టింది. హీబ్రూ ఇతిహాసం ఇతర వీరగాథల నుంచి వేరుపడేది ప్రధానంగా ఈ అంశంలోనే.

6. రిస్పా: మాటలేని శోకం

రెండవ సమూయేలు 21వ అధ్యాయంలో మూడేండ్ల కరువు వస్తుంది. సౌలు గిబియోనీయులను హతమార్చిన పాపమే అందుకు కారణమని తెలుస్తుంది. వారి కోరికపై దావీదు సౌలు వంశీయులు ఏడుగురిని అప్పగిస్తాడు. యవల కోత ఆరంభంలో వారిని చంపుతారు. వారిలో ఇద్దరు సౌలు ఉపపత్ని రిస్పా కుమారులు. ఆమె గోనెపట్ట తీసుకొని బండ మీద పరచుకొని, వానలు కురిసేదాకా అక్కడే ఉండి పగలు పక్షులను, రాత్రి మృగాలను ఆ శవాల మీద వాలనీయదు.

స్త్రీపర్వంలో గాంధారి కురుక్షేత్రంలో పడి ఉన్న కొడుకులను చూస్తుంది. అక్కడా శవాల చుట్టూ పక్షులు, మృగాలు ఉన్నాయి. గాంధారి విలపిస్తుంది, కృష్ణుణ్ణి నిందించి శపిస్తుంది. ఆ శాపం యాదవకుల నాశనానికి దారితీస్తుంది. రిస్పా మాత్రం గ్రంథం మొత్తంలో ఒక్క మాట కూడా పలకదు. అయినా ఆమె చేసిన పని దావీదు చెవిన పడుతుంది. అతడు యాబేష్గిలాదు నుంచి సౌలు, యోనాతానుల ఎముకలు తెప్పించి, సౌలు తండ్రి కీషు సమాధిలో పాతిపెట్టిస్తాడు. ఆ తరువాతనే దేశం కొరకు చేసిన ప్రార్థన ఫలించిందని కథనం చెబుతుంది. గాంధారి వాక్కు ఒక వంశాన్ని అంతం చేసింది. రిస్పా మౌనం ఒక వంశానికి సమాధిగౌరవాన్ని సంపాదించింది. యుద్ధాల మూల్యాన్ని తల్లుల పక్షాన లెక్కకట్టడంలో రెండు ఇతిహాసాలూ ఒకటే.

7. చరిత్ర, విశ్వాసం, సాహిత్యం

ఇతిహాసంగా చదవడమంటే కల్పితమని తేల్చడమా? 1993లో ఉత్తర ఇశ్రాయేలులోని తెల్ దాన్ వద్ద దొరికిన క్రీ.పూ. 9వ శతాబ్దపు అరామిక్ శాసనంలో 'దావీదు గృహం' అనే ప్రస్తావన ఉందని అధిక సంఖ్యాక పండితులు అంగీకరించారు. దావీదు పేర ఒక రాజవంశం ప్రసిద్ధమై ఉండేదని దీనివల్ల తెలుస్తుంది. గొల్యాతు కథకో, ఊరియా కథకో ఇది సాక్ష్యం కాదు. చరిత్రను పునాదిగా చేసుకొని దానికంటే ఎత్తుగా కథ లేవడమే ఇతిహాసధర్మం.

విశ్వాసుల సంకోచానికి మన ఆదికవి దగ్గరే సమాధానం దొరుకుతుంది. భారతాన్ని ధర్మజ్ఞులు ధర్మశాస్త్రంగా, ఆధ్యాత్మవేత్తలు వేదాంతంగా, నీతికోవిదులు నీతిశాస్త్రంగా, కవులు మహాకావ్యంగా, ఐతిహాసికులు ఇతిహాసంగా గ్రహిస్తారని నన్నయ ఆదిపర్వ అవతారికలో చెప్పాడు. ఒకరి పఠనం మరొకరి పఠనాన్ని రద్దు చేయదు. గ్రంథగౌరవం పఠనభేదాల వల్ల పెరుగుతుందే గాని తరగదు. ఈ ఔదార్యాన్ని హీబ్రూ లేఖనాలకు వర్తింపజేయడానికి తెలుగు విమర్శకు ఎటువంటి అభ్యంతరమూ ఉండనక్కరలేదు.

అయితే పోలికకు హద్దు కూడా ఉంది. భారతంలో దేవతలు పాత్రలుగా తిరుగుతారు, వీరులకు తండ్రులవుతారు. హీబ్రూ కథనంలో దేవుడు ఒక్కడే. ఆయనకు జన్మకథ లేదు, వంశం లేదు. తల్మోన్ హెచ్చరికలోని సత్యం ఇదే. కావున ఈ లేఖనాలను హోమర్ అచ్చులోనూ, వ్యాసుని అచ్చులోనూ పోయడం సరికాదు. వాటి ఇతిహాసత్వాన్ని వాటి నుంచే గ్రహించాలి.

8. ముగింపు

పై పరిశీలన వల్ల ఈ క్రింది అంశాలు తేలుతున్నాయి.

1. గద్యరూపం కారణంగా హీబ్రూ కథనాలకు ఇతిహాసత్వం లేదనడం గ్రీకు ప్రమాణాన్ని సార్వత్రికం చేయడమే. భారతీయ సాహిత్యశాస్త్రం ఈ పరిమితిని అధిగమించే మార్గం చూపుతుంది.

2. దెబోరా గీతం, యాషారు గ్రంథ ప్రస్తావనలు, గొల్యాతు కథలోని పాఠభేదాలు ఈ కథనాల వెనుక గానసంప్రదాయం, మౌఖిక సంప్రదాయం ఉన్నాయని సూచిస్తున్నాయి.

3. రాజును కీర్తిస్తూనే అతనిని ధర్మం ఎదుట నిలదీయడం, ముఖ్యమైనదానిని చెప్పక విడవడం సమూయేలు గ్రంథాల విశిష్టత.

4. ఇతిహాసంగా చదవడం లేఖనంగా చదవడానికి విరుద్ధం కాదు.

తండ్రి గాడిదలను వెతకడానికి ఇల్లు విడిచిన సౌలు మళ్ళీ తండ్రి దగ్గరకు చేరింది ఎముకలుగానే. ఆ చేరికకు కారణం రాజనీతి కాదు, యుద్ధవిజయం కాదు, బండ మీద గోనెపట్ట పరచుకొని కూర్చున్న ఒక స్త్రీ. మొదటి సమూయేలు 9వ అధ్యాయం నుంచి రెండవ సమూయేలు 21వ అధ్యాయం దాకా సాగిన ఈ దారాన్ని వచనాలను విడివిడిగా ఉదాహరించుకునే పఠనం పట్టుకోలేదు. ఆసాంతం కథగా చదివినప్పుడే అది చేతికి అందుతుంది. తెలుగు విశ్వవిద్యాలయ తరగతి గదుల్లో ఈ గ్రంథాలకు భారత రామాయణాల సరసన, పల్నాటి వీరగాథ సరసన చోటు కల్పించడానికి ఆ దారం ఒక్కటి చాలు.